ఇగ్వానాకు పత్యం

మా తమ్ముడు హైదరాబాదులో మూడేళ్లు పెంచుకున్న ఇగ్వానా, అదే ఆ ఆకుపచ్చ పెద్దబల్లి, నా దగ్గరికి రావడానికి కారణం వాడి పెళ్లి. "నేనుండాలో అది ఉండాలో తేల్చుకో" అన్నదట కొత్త మరదలు. వాడు వెంటనే తేల్చుకున్నాడు. కాగితాలతో, బోనుతో సహా తెచ్చి మార్కాపురంలో నాకు అప్పగించి పోయాడు.

నేను ఆడవాళ్ల బట్టలు కుడతాను. వరండాలో మిషను పక్కనే, ఎండ పడేచోట బోను పెట్టాను. కొలతలివ్వడానికి వచ్చినవాళ్లు దాన్ని ఉడుమనుకుని రెండడుగులు వెనక్కి వేసేవారు. ఆకులు తినే సాధుజీవి అని చెబితే సరిపోయేది. అంత చప్పటి మాట నా నోట రాదు.

"రాక్షసబల్లికి మునిమనమడు ఇది. మొన్న ఆకలైతే పలక కరకర నమిలేసింది. ఏం పెట్టినా అరిగించుకుంటది" అన్నాను.

"చట్రంతో సహానా?" అనడిగింది ఒకామె.

"చట్రం ఉమ్మేసింది."

ఇక చూడండి, వచ్చినవాళ్లంతా ఏదో ఒకటి పెట్టడమే. ఒకామె ఉడికిన గుడ్డు పెట్టింది. పక్కింటి బూబమ్మ రోజూ గుప్పెడు గోంగూర వేసేది. పెళ్లిళ్ల కాలం, నేను మిషను మీద నుంచి తలెత్తలేదు.

నాలుగో రోజు అది తనకిష్టమైన మందారపువ్వును కూడా ముట్టలేదు. కళ్లు మూసుకుని కొమ్మ మీద తడిగుడ్డలా వేలాడింది. సంచిలో పెట్టుకుని పశువుల డాక్టరు దగ్గరికి పరిగెత్తాను. "నేను బర్రెలు, మేకలు చూసేవాణ్నమ్మా" అని నసిగినా, తెలిసినవాళ్లకు ఫోను చేసి కనుక్కుని కాగితం మీద రాసిచ్చాడు. మునగాకు, మందారం, మల్బరీ ఆకు, సొరకాయ, గుమ్మడి తురుము మంచివి. బొప్పాయి ఎప్పుడన్నా ఒక ముక్క. పాలకూర, గోంగూర ఒంటికి కాల్షియం పట్టనివ్వవు. గుడ్డు, మాంసం వద్దు. గన్నేరు విషం. ఆ చివరి మాట కింద రెండు గీతలు గీశాడు.

మర్నాడు, అప్పుడు చట్రం సంగతడిగిన తర్లుపాడు ఆమె ఆటో దిగి, జాకెట్టు గుడ్డ నా ఒళ్లో పడేసి నేరుగా బోను దగ్గరికి పోయింది. చూస్తే చేతిలో ఎర్రగన్నేరు గుత్తి. కత్తెర వదిలేసి ఎగిరి లాక్కున్నాను.

"ఏందక్కా అట్ల గుంజుకుంటివి? మొన్న ఎర్ర పూలు తింటదంటివి గదా?"

"తినేది మందారం. ఇది గన్నేరు, ఒక్క ఆకు తిన్నా చచ్చిపోతది!"

ఆమె గోడ అవతల ఉన్న బూబమ్మను చూసి నవ్వింది. "పలక అరిగిందానికి పువ్వు అరగదంట, విన్నావా బూబమ్మా?"

"నిజం చెప్తున్నా!"

"నువ్వు నిజం ఎప్పుడు చెప్పినావు బేటీ?" అంటూ బూబమ్మ గోంగూర కట్టతో రానే వచ్చింది.

డాక్టరు కాగితం చూపించాను. అది కూడా నేనే రాసుకున్నానన్నారు. ఇంకొక్క రోజు ఇట్లాగే మేపితే అది బతకదు. అప్పుడిక నా నోరు తన పని తను చేసింది.

"సరే, దాచిపెడదామనుకున్నా. దానికి కామెర్లు."

ఇద్దరూ నవ్వు ఆపి, వంగి చూశారు. తల నుంచి తోక దాకా పచ్చగానే ఉంది.

"అయ్యో! నాటుమందు పోయించినావా అక్కా?"

"గిద్దలూరు దాకా పోయి పోయించినా. పత్యం గట్టిది. గోంగూర, గుడ్డు, మాంసం, గన్నేరు ముట్టగూడదు. మునగాకు, మందారం, సొరకాయ, అంతే."

బూబమ్మ గోంగూర కట్టను కొంగు కింద దాచేసింది. "ముందే చెప్పొద్దా పిచ్చిదానా? పత్యం తప్పితే మనిషే బతకడు!"

వారం తిరక్కుండా అది కళ్లు తెరిచి తినసాగింది. ఇప్పటికి నెలలు గడిచాయి. తర్లుపాడు ఆమె వచ్చినప్పుడల్లా లేత సొరకాయ తెస్తుంది. కొత్తగా వచ్చినవాళ్లు బోను వైపు చెయ్యి చాపితే బూబమ్మ గోడ మీద నుంచే గదుముతుంది.

మొన్నొకరోజు, డాక్టరు చెప్పిందే కదా అని చిన్న బొప్పాయి ముక్క తీసుకుని బోను తలుపు తెరిచాను.

"పత్యంలో బొప్పాయా? దాని ప్రాణం తీస్తావా ఏంది?" బూబమ్మ వచ్చి నా చెయ్యి పక్కకు నెట్టింది.

ముక్క నేనే నోట్లో వేసుకున్నాను. ఆమె బోను ముందు చతికిలబడి మునగరెమ్మ అందించింది. అది తాపీగా, ఆమె వేళ్లకు తగలకుండా, ఒక్కో ఆకూ తుంచుకుని తింది.