అక్క పేరు ఎత్తకూడని ఇంట్లో

దెయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం బెజవాడ బెంజ్ సర్కిల్ దాటి ప్రాణాలతో బయటపడ్డవాడిని దెయ్యం మాత్రం ఏం చేస్తుంది? అయినా ఇది రాస్తున్నాను. భయంతో కాదు, ఒళ్లు మండి.

మా అక్క సుభద్రను పెడనలో నేతపని వాళ్లింటికి ఇచ్చాం. కూతురు ఇంకా ఉయ్యాలలో ఉండగానే అక్క జ్వరమొచ్చి పోయింది. తర్వాత బావ గన్నవరం సంబంధం చేసుకున్నాడు. ఆ అమ్మాయి పేరు లలిత. అందులో తప్పేం లేదు, పసిపిల్లను చూసే మనిషి కావాలి. కానీ పెళ్లికి ముందే అక్క ఫొటో గోడ మీంచి దించి బీరువా వెనక దాచేశారు. ఆ రోజు నుంచీ ఆ ఇంట్లో అక్క పేరు ఎత్తకూడదు. కొత్త కోడలు నొచ్చుకుంటుందట. నొచ్చుకుంటుందో లేదో ఆ కోడల్ని అడిగిన మొనగాడు లేడు.

ఏటా తద్దినానికి మాత్రం నన్ను పిలుస్తారు. పంతులుగారు మంత్రంలో గొణిగే పేరు ఆయనకే వినబడదు. పీట మీద కొత్త చీర పెట్టి, "పెద్దలకు" అని అందరూ దణ్ణం పెట్టేస్తారు. ఎవరండీ పెద్దలు? పోయేనాటికి మా అక్క తలలో ఒక్క తెల్ల వెంట్రుక లేదు!

పోయినసారి భోజనాల దగ్గర మేనకోడలు చిన్ని నా పక్కన కూర్చుంది. రెండో తరగతి. దానికి లలితే అమ్మ. ఇంకో అమ్మ ఉండేదని తెలుసు, ఆ అమ్మ గురించి ఒక్క ముక్క తెలియదు.

"మామయ్యా, ఆ చీర ఎవరికి?" అంది.

"పెద్దలకే తల్లీ, తిను," అంది బావ వాళ్లమ్మ.

కొరికిన గారె పక్కన పెట్టాను. "మీ అమ్మకి," అన్నాను.

పంక్తంతా చేతులు ఆపేసింది. కృష్ణా నది కూడా ఓ క్షణం ఆగే ఉంటుంది.

"ఇప్పుడెందుకు బాబూ ఆ కబుర్లు? లలిత ఇక్కడే ఉంది," అంది బావ వాళ్లమ్మ.

"ఉంటే ఉండనివ్వండి అత్తయ్యగారూ! కన్నతల్లి ఎలా ఉండేదో కూడా తెలియకుండా పెంచుతారా ఈ పిల్లని?" నా అరుపుకి బందరులో పడవలు ఊగాయి.

ఆ ఊపులోనే అక్క చిన్నప్పటి కథ మొదలుపెట్టాను. మా నాన్నది గుంట మగ్గం. గోతిలో కాళ్లు పెట్టి కూర్చుని నేసేవాడు. ఓ మధ్యాహ్నం ఆయన కూర్చునే కునుకు తీస్తుంటే, అక్క గోతిలోకి దూరి ఆయన కాలి బొటనవేలిని తొక్కుడు చెక్కకు కట్టేసింది.

"ఓడల్ని కట్టే మోకుతో కట్టింది చిన్నీ! తాతయ్య లేచేసరికి మగ్గం, ఇంటి కప్పు ఆయనతోపాటే లేచాయి!"

నెయ్యి వడ్డిస్తున్న లలిత తలెత్తకుండానే అంది: "మోకు కాదుగా అన్నయ్యగారూ, మీ నిక్కరు బొందు. సాయంత్రం దాకా నిక్కరు పట్టుకుని అటక మీద కూర్చున్నారు కదా."

నా చేతిలో ముద్ద విస్తట్లో పడింది.

అది అక్షరాలా నిజం. సిగ్గుతో చచ్చి, ఎవరికీ చెప్పనని అక్క చేత ఒట్టేయించుకున్నాను. ఆ బొందు ఎవరిదో పోయేదాకా నాన్నకీ తెలియదు.

"ఎవరు చెప్పారమ్మా నీకు?"

"మీరే ఎప్పుడో చెప్పారనుకున్నానండీ." ఆమె నేతిగిన్నె కింద పెట్టింది. "చెప్పలేదా? మరి నాకెలా తెలుసు?"

బావ వైపు చూశాను. "మీ అక్క నాకెప్పుడూ చెప్పలేదయ్యా," అన్నాడు, మొహం పాలిపోయి. తర్వాత పెడనలో నేను అడగని గడప లేదు. ఎవరికీ తెలియదు.

చిన్ని మాత్రం పొట్ట పట్టుకుని నవ్వుతోంది. "అమ్మది ఇంకోటి చెప్పు మామయ్యా!"

అత్తయ్యగారు ఏదో అనబోయింది. లలిత ఆమె మాటకు అడ్డొచ్చి, "ఉండండి అత్తయ్యా, నన్నూ విననివ్వండి," అంటూ చిన్ని పక్కన చతికిలబడింది.

ఇంకో కథ చెప్పాను. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

ఆ మాట లలిత నోట ఎలా వచ్చిందో నాకు ఈనాటికీ అంతుపట్టలేదు. కోపం సంగతి అడుగుతారా? అది అంగుళం కూడా తగ్గలేదు. ఇన్నేళ్లూ ఆ పిల్ల నవ్వాల్సిన నవ్వులన్నీ ఇప్పుడెవరు తెచ్చిస్తారు?