గురక పెట్టిన కణుజు

మా ఆయన మధ్యాహ్నం కునుకు తీస్తూ గురక పెడితే నేను ఊరుకోలేను. లేపి, తల పక్కకు తిప్పి, ఊపిరి సరిగ్గా ఆడుతోందో లేదో చూస్తాను. “పశువుల డాక్టర్ని చేసుకున్నందుకు నా నిద్రకూ పరీక్షలేనా?” అని విసుక్కుంటాడు పాపం. ఆయనకేం తెలుసు! గురక వినపడితే నాకు సింహాద్రి గారు గుర్తొస్తారు. ఒళ్లంతా చీమలు పాకినట్టుంటుంది.

తొంభైల చివర్లో చింతపల్లి కొండల్లో నాకు మొదటి ఉద్యోగం. ఆ పశువుల ఆసుపత్రిలో సింహాద్రి గారు కాంపౌండరు. విజయనగరం వైపు మనిషి, ముప్పై ఏళ్లుగా ఆ కొండల్లోనే ఉన్నారు. నాకేమో బంగారు పతకం, దానికి తగ్గ పొగరు. ఆవు ఊపిరితిత్తుల బొమ్మ కళ్లు మూసుకుని గీసేదాన్ని. అడవి జంతువులది మాత్రం ఎప్పుడూ కోసి చూసింది లేదు. ఆ కొండల్లో సాంబరు దుప్పిని కణుజంటారు. “కణుజుదీ ఆవు లాగే ఉంటాదమ్మా. పీకంతా ఉంగరాలు. కుడేపు తిత్తికి ఓ గొట్టం ముందే సీలిపోద్ది,” అని ఆయన చెబితే, ఈయన నాకు పాఠాలు చెప్పడమేమిటని లోపల ఉడుక్కునేదాన్ని.

ఒక వానాకాలం మధ్యాహ్నం ఫారెస్టు రేంజరు జీపులో చచ్చిన ఆడ కణుజును తెచ్చాడు. దానితోపాటు లచ్చన్న అనే కొండ రైతును చేతులు కట్టి తెచ్చాడు. ఉచ్చు బిగించి చంపాడని నేరం. దాని మెడ చుట్టూ తాడు గుర్తు స్పష్టంగా ఉంది. నేను అవునని రాస్తే లచ్చన్నకు జైలే.

“నాను సంపలేదు బాబూ. తెల్లారినకాణ్ణించి నా చోడిచేలో పడి గురక పెట్టింది. సచ్చాక తాడేసి లాగినాను,” అన్నాడతను.

“గురక పెట్టిందా? దుప్పటి కప్పకపోయావా!” అన్నాడు రేంజరు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను. “బేగి సంతకం పెట్టండి మేడమ్, ఘాట్‌లో వాన,” అని తొందరపెట్టాడతను. నేను కలం తీశాను.

సింహాద్రి గారు ఒక్కరే నవ్వలేదు. “ఏటి లచ్చన్నా, మీ ఊళ్లో పశువులేవైనా పోయేయా?” అని అడిగారు. రెండు ఎడ్లు పోయాయట, గొంతులు వాచి. అప్పుడు నా వైపు తిరిగారు. “డాక్టరమ్మా, అది నిద్ర గురక కాదు. గురక రోగం. మీరు గొంతువాపు అంటారే, అదీ. పీక కొయ్యండి.”

కోశాను. తాడు గుర్తు కింద నెత్తురు గడ్డ లేదు, బతికుండగా బిగిస్తే ఉండాలి. గొంతు చుట్టూ పసుపు నీరు పట్టి ఉంది. ఊపిరిగొట్టం నిండా నురగ. అది చూడగానే మిగతావి మరిచి, “ఊపిరాడక చచ్చింది, ఉచ్చే!” అనేశాను.

“తొందరేటమ్మా? నురగ రెంటికీ వస్తాది. గొట్టం ఎంట కిందకెళ్లండి.”

కిందకు వెళ్లాను. ఊపిరితిత్తి కాలేయంలా గట్టిపడి ఉంది. ఆయన బకెట్‌తో నీళ్లు తెచ్చారు. మంచి ఊపిరితిత్తి ముక్క తేలుతుంది. ఇది అడుక్కి పోయింది. ఇంకో చోట కోసి వేశాను. అదీ మునిగింది. జబ్బుతో చచ్చిందని రాసి ఇచ్చాను. రేంజరు మొహం మాడ్చుకుని కట్లు విప్పించాడు. లచ్చన్న తన తాడు కూడా అడగకుండా కొండదారి పట్టాడు.

కత్తులు కడుగుతున్న సింహాద్రి గారి దగ్గరకు వెళ్లి నిలబడ్డాను. “నెల కిందట కొయ్యూరు వైపు నుంచి ఇలాంటిదే వచ్చింది. మీరు సెలవులో ఉన్నారు. మెడ మీద గుర్తు చూసి ఉచ్చని రాసేశాను. పీక కొయ్యలేదు. ఆ మనిషిని తీసుకుపోయారు,” అన్నాను. పోనీలెండి అంటారేమోనని ఆశ.

“ఆ మనిషి పేరేటి?” అన్నారు.

గుర్తు రాలేదు. కొయ్యకుండా రాశానని ఒప్పుకుంటూ ఆ రోజే పైవాళ్లకు ఉత్తరం పంపాను. జవాబు రాలేదు. స్వయంగా వెళ్లి కనుక్కుందామనుకుంటూనే భయపడి వాయిదా వేశాను. ఈలోగా బదిలీ అయిపోయింది. సింహాద్రి గారు పోయి కూడా చాలా ఏళ్లయింది. ఇప్పటికీ అడవి జంతువు శవం వస్తే, కత్తి పట్టే ముందు, నేరం మోపి పట్టుకొచ్చిన మనిషి పేరు అడిగి రాసుకుంటాను.

సింహాద్రి గారు అడిగిన రోజే నా కొయ్యూరు రిపోర్టు నకలు తీసి చూశాను. కణుజు వయసు, బరువు, మెడ చుట్టుకొలత అన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఉన్నాయి. మనిషి పేరు నేను రాయలేదు.