దేవన్న చేతులు

సౌదీలోని తాయిఫ్‌లో ఒక పెద్దింటి వెనక, తెల్లవారగానే మేక పక్కన గొంతుక్కూర్చుని చేతులకు నువ్వులనూనె రాసుకునేవాడు దేవన్న. జగిత్యాల వైపు తాపీమేస్త్రీ. గోడలు కట్టే వీసా మీద వచ్చినవాణ్ణి, ఆ వీసా ఇచ్చిన యజమాని, కఫీల్, ఈ పొట్టిమేకల పాలు పిండమన్నాడు. కాదందామంటే పాస్‌పోర్టు అతని బీరువాలోనే ఉంది. "పాలు రాకపోతే ఎడారిలో మంద దగ్గరికి పంపిస్తా" అని బెదిరించాడు కూడా. అక్కడికి పోయినవాళ్ల గొంతు ఇంటివాళ్లకు మళ్లీ వినపడదని దేవన్న విన్నాడు.

మొదటిరోజు, సిమెంటుకు పగిలిన వేళ్లతో, ఊళ్లో బర్రెను పిండినట్టు చన్ను పట్టి కిందికి లాగాడు. మేక తన్నింది, గిన్నె బోర్లాపడింది. కిటికీ తెర కదిలితే, కఫీల్ చూస్తున్నాడని గబగబా గిన్నె తీసి మళ్లీ మేక కింద పెట్టాడు. అప్పట్నుంచి ముందు పిల్లను కుడవనిచ్చి, చన్ను మొదట్లో రెండు వేళ్లు బిగించి, మిగతావి ఒక్కొక్కటే మెల్లగా మూసేవాడు. "తన్నకే తల్లీ, నీ బాంచెన్" అని మేకను బతిమాలేవాడు.

ఒకరోజు గిన్నె నిండింది. కఫీల్ నురగ చూసి, భుజం తట్టి, వచ్చీరాని ఉర్దూలో మెచ్చుకున్నాడు: "షాబాష్ దేవన్నా! మేకల పని నేర్చావు. రేపు మంద దగ్గరికి పో."

దేవన్న నూనె చేతులు జోడించాడు. "నీ బాంచెన్ సేటూ, నన్ను పంపకు" అన్నాడు, కఫీల్‌కు తెలుగు రాదన్న సంగతే మరిచిపోయి.