మట్టగిడసకి దక్కని బూడిద

ఇంటింటికీ గ్యాసు పొయ్యిలు రావడం మంచిదే గానీ, ఆ రోజుల్లో మా ఆడవాళ్లకి దాంతో ఒక కష్టం వచ్చిపడింది. బూడిద దొరకదు. బూడిద పట్టించకపోతే మట్టగిడస చేప చేతిలో నిలవదు, ఇంక తోమేదెలా? (ఇప్పటి పిల్లలు బజార్లోనే చేయించుకుని తెచ్చుకుంటున్నారు, వాళ్లకేం తెలుసు!) మా ఆయన చనిపోయిన ఏడాది నాకు యానాంలో ఒక కాలేజీ ల్యాబులో ఊడ్చి తుడిచే పని దొరికింది. అక్కడ పరిశోధన చేసే మేడమ్ గారు కొలిమిలాంటి పెట్టెలో ఏవేవో పొడులు కాల్చేవారు. ఒకరోజు పొద్దున్నే బల్ల మీద పింగాణీ గిన్నెలో మెత్తటి బూడిద కనబడింది. నా ప్రాణం లేచొచ్చింది. కాగితంలో పొట్లం కట్టాను. గిన్నె తళతళా తోమి, దాని మీద చీటీ కూడా గోకేసి బోర్లించాను. చీటీలో ఏముందో వేలిముద్ర మనిషిని నాకెలా తెలుస్తుంది? మధ్యాహ్నం అన్నానికి కనకాలపేటలో ఇంటికి వెళ్లి, పొట్లం అత్తకిచ్చి, మురిసిపోతూ తిరిగొచ్చాను.

మేడమ్ గారు ఖాళీ గిన్నె పట్టుకుని నిలబడి ఉన్నారు.

"ఇందులో పొడి ఏదమ్మా?"

"బూడిదా అండీ? మా అత్తకిచ్చానండి, చేప తోముకోడానికి."

ఆవిడ కుర్చీలో కూలబడ్డారు. అది మూడు నెలల పనట. యూరియాకి కావలసిన అమ్మోనియాని ఇప్పటికంటే తక్కువ మంటతో తయారుచేయించే కొత్త ఉత్ప్రేరకమట. నాకర్థమైంది ఒక్కటే, నా ఉద్యోగం పోయింది. ఇద్దరం ఆవిడ స్కూటీ మీద పరుగు.

వాకిట్లో అత్త కత్తిపీట ముందు కూర్చుని, ఒక చేత్తో చేపని అదిమిపట్టి, రెండో చేత్తో పొట్లం దారం విప్పుతోంది.

"అత్తా, ఆగు!"

"ఏంటే ఆ కేకలు? బూడిదలో బంగారం గానీ ఉందేంటే?"

"బంగారం కంటే ఎక్కువండీ," అంటూ మేడమ్ గారు మట్టిలో మోకాళ్ల మీద కూర్చుని పొట్లం లాక్కున్నారు. మట్టగిడస జారి ఆవిడ ఒళ్లో పడింది. విషయం విన్నాక అత్త, "తక్కువ మంటతో పనవుద్దా? అయితే మా పొయ్యిలో కూడా ఓ చిటికెడు ఎయ్యి తల్లీ, గ్యాసు బండ ఊరికే అయిపోతంది," అంది. మేడమ్ గారు కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వారు.

మర్నాడు తిట్లు తినడానికే వెళ్లాను. ఆవిడ నా ముందు నోటు పుస్తకం పెట్టారు. "నువ్వు చదవలేని ఇంగ్లీషులో చీటీ అంటించాను. తప్పు నాది కూడా. కూర్చో." నేను జీవితంలో మొదట రాసిన మాట "ముట్టుకోవద్దు".

ఆ పొడి చివరికి అనుకున్నంత పని చెయ్యలేదట. "దీనికా అండీ మనం అంత పరుగెత్తింది?" అన్నాను. "ఏది పనిచెయ్యదో కూడా తెలియాలి కదమ్మా," అన్నారు. ఆవిడ చల్లగా ఉండాలి. ఇప్పుడక్కడ తెలుగు చీటీలన్నీ నావే, వంకర అక్షరాలతో. మొన్న ఇంట్లో మొక్కజొన్న పొత్తులు కాల్చిన కుంపటి బూడిద ఎత్తబోతూ, చీటీ ఏమైనా ఉందేమోనని చుట్టూ చూశాను. అత్త బతికుంటే ఎంత నవ్వేదో.