ఈశాన్యంలో బండ

బోయిగూడలో మా పక్కింటాయన ఎక్కడ నల్లా కనబడినా తిప్పి, కింద అరచెయ్యి పట్టి చూసేవాడు. పెళ్లికి పోయినా ముందు నల్లా, తర్వాతే అక్షింతలు. ఆయన అరచేతికి నాచు పట్టిందని నేను బస్తీ అంతా చెప్పాను. సగం మంది నమ్మారు.

రిటైరయ్యాక బొల్లారం అవతల పల్లెలో జాగా కొని రెండు గదులు కట్టాడు. అక్కడికి కరెంటు ఇంకా రాలేదు. పక్క చేను డీజిల్ ఇంజను బోరుతో ట్యాంకు నింపుకుంటే, నీళ్లు వాటంతటవే వంటింట్లోకి దిగాలి. మోకాళ్లు అరిగిన ఆయన భార్య ముందే చెప్పింది: "బిందె మోసుడు నాతోని కాదు. నల్లా వచ్చిననాడే వస్తా."

ఇంటి వెనక పెద్ద బండ ఉంది. దాని మీదికెక్కితే నాకు సముద్రం కనబడింది, ఒట్టు. కానీ అది ఈశాన్యం. ఆయన వాస్తు చూసి, నైరుతి పల్లంలో ట్యాంకు పెట్టాడు. ఎత్తు దిమ్మె కడితే మెత్తటి మట్టిలో ఒరిగిపోయింది. నల్లా ఎండిపోయే ఉంది.

"బండ మీద పెట్టొచ్చు గదనే అన్నా!"

"ఈశాన్యంల బరువు పెడితే ఇంటి ఆడమనిషికి గండమంట. ఆమెను సంపుకోమంటవా?"

"మరి బండ బరువు కాదా?"

"అది దేవుడు పెట్టిండు."

ఆమె ఆ ఇల్లు చూడకుండానే, బోయిగూడలోనే జ్వరంతో పోయింది.

దినాలయ్యాక వెళ్తే ట్యాంకు బండ మీద ఉంది. వంటింట్లో నల్లా ధారగా పోతోంది. నేను అడగకముందే ఆయన అన్నాడు:

"ఇగ ఏడ పెడితే ఏంది తమ్మీ, ఎవలికి ఏమయితది?"