ఆదివారం జలుబు

మారేడ్‌పల్లిలోని మా హాస్టల్లో పిల్లల దగ్గర ఫోన్ ఉండకూడదు. ఆదివారం పొద్దున వార్డెన్ మేడం తన సెల్‌ఫోన్ ఇచ్చేది, తలా ఐదు నిమిషాలు. ఆరో తరగతిలో నేను "అమ్మా" అనేదాకా బాగానే ఉండేదాన్ని. ఆ తర్వాత ఏడుపొచ్చి ముక్కు ఎగబీల్చేదాన్ని. మేడం వెంటనే ఫోన్ తీసుకుని, "పరేషాన్ గాకుండ్రి అమ్మా, పిల్లకు జెర జలుబు చేసింది, కషాయం తాగిస్త," అనేది.

అంతటితో వదిలేది కాదు. ఆడిన మాట అబద్ధం కాకూడదన్నట్టు వంటగదిలోకి తీసుకెళ్లి మిరియాలు, శొంఠి కాచిన కషాయం గ్లాసుడు తాగించేది. ఏడ్చినవాళ్లందరికీ అదే మందు. పాడు కషాయం, గొంతు మండిపోయేది. కానీ ఆ ఘాటుకు కళ్లలో నీళ్లొస్తే ఎందుకని ఎవరూ అడిగేవాళ్లు కాదు. జలుబు మాట అమ్మ నమ్ముతోందనే నేనూ మేడమూ అనుకున్నాం.

పదో తరగతి అయిపోయి నేను పెట్టె సర్దుకున్న రోజు, అమ్మ మోండా మార్కెట్ మీదుగా వచ్చి మేడం చేతిలో ఒక పొట్లం పెట్టింది. విప్పితే మిరియాలు, శొంఠి కొమ్ములు.

"ఇవెందుకమ్మా?" అంది మేడం.

"జూన్‌ల కొత్త పిల్లలొస్తరు గద మేడం," అంది అమ్మ. "అందరికీ జలుబు చేస్తది."