నల్ల బిళ్ల మీద బొట్టు

మాదాపూరులో బండలు ఎక్కువ, ఆఫీసులు తక్కువగా ఉన్న రోజులవి. గుండ్రటి పెద్ద భవనం ఒకటి కొత్తగా లేచింది. అందులో చోటు దొరకని కంపెనీలు, అది కనబడేంత దూరంలో ఎక్కడో కిరాయికి దిగి, విజిటింగ్ కార్డు మీద మాత్రం హైటెక్ సిటీ అని అచ్చు వేయించుకునేవి. మాది సరిగ్గా అలాంటి కంపెనీ. కింద సిమెంటూ ఇనుమూ అమ్మే దుకాణం, పైన మేము. మూలగదిలో కిటికీ పక్కన నిలబడి మెడ బాగా కుడివైపు తిప్పితే ఆ భవనం అంచు కనబడేది. ఎవరైనా పెద్దవాళ్లు వస్తే మా డైరెక్టరు గారు వాళ్లని ఆ కిటికీ దగ్గరే కూర్చోబెట్టేవారు. ఊరు ఊరంతా కంప్యూటరు నేర్చుకుంటున్న కాలం. ఏదో ఒకటి తెలుసని ధైర్యంగా చెప్తే చాలు, నిజంగా తెలుసో లేదో పరీక్షించేవాళ్లకి కూడా తెలియని కాలం. నాలాంటివాడికి అంతకన్నా మంచికాలం ఉంటుందా చెప్పండి.

ఇంటర్వ్యూలో డైరెక్టరు గారు నన్ను "లినక్స్ తెలుసా?" అని అడిగారు. తెలుసన్నాను. అది పూర్తిగా అబద్ధం కాదు. కోఠీలో కొన్న కంప్యూటరు పత్రికతో పాటు లినక్స్ సీడీ ఒకటి ఉచితంగా వచ్చింది, దాన్ని నేను రెండువైపులా చూసి ఉన్నాను. (ఒకవైపు పెంగ్విన్ బొమ్మ ఉంది, రెండోవైపు నా ముఖం కనబడింది.) ఆయన ఎంత సంతోషించారంటే, లేచి నిలబడి నాతో కరచాలనం చేశారు. ఊరందరూ ఒకే కంపెనీ విండోస్ వాడుతుంటే, మనం ఎవరి సొత్తూ కాని సాఫ్ట్‌వేరు వాడి ముందుండాలన్నది ఆయన విజన్. ఆయన నోట ప్రతి మూడో మాటా విజనే కాబట్టి, వెనకాల మేమంతా ఆయన్ని విజన్ గారు అనే పిలుచుకునేవాళ్లం. ఆరు నెలలు చూసి, పని నచ్చితే పర్మినెంటు చేస్తామన్నారు. మా నాన్నకి ఆ ఆరు నెలల సంగతి చెప్పలేదు. ఉద్యోగం వచ్చిందని మాత్రం చెప్పాను, ఆయన చుట్టాలందరికీ కార్డులు రాసేశాడు.

నేను చేరిన అయిదో నెలలో దసరా వచ్చింది. ఆయుధపూజ నాడు కంప్యూటర్లకి బొట్లు పెట్టడం మన ఊళ్లో ఏ ఆఫీసులోనైనా ఉన్నదే. అయితే మా విజన్ గారి భార్య, మేడమ్ గారు, సామాన్యురాలు కాదు. పైన రేకు డబ్బాకి బొట్టు పెడితే ఏం లాభం, పని చేసేవి లోపల ఉన్నాయి కదా అన్నారు. కంప్యూటర్లు అమ్మిన దుకాణం మనిషిని పిలిపించి పది డబ్బాల మూతలూ తీయించారు. మా ఆఫీసులో ఊడ్చి, తుడిచి, చాయ్ పెట్టే ఆయమ్మ పసుపు ముద్ద, కుంకుమ భరిణె పట్టుకుని, మేడమ్ గారు ఏది చూపిస్తే దానికల్లా నిండుగా బొట్టు పెట్టుకుంటూ వెళ్లింది. హారతి అయ్యాక మూతలు మళ్లీ బిగించారు. వాటంతట అవి రాలిపోయేదాకా ఆ బొట్లు ఎవరూ తుడవకూడదని విజన్ గారు ఆఫీసంతటికీ ఈ-మెయిలు పంపారు. ఆ మెయిలు ఇంగ్లీషులో ఉంది, అందులో కూడా విజన్ అనే మాట రెండుసార్లు వచ్చింది.

పండగ వెళ్లిన వారానికి ఆయన నన్ను గదిలోకి పిలిచారు. వచ్చే శుక్రవారం సింగపూరు నుంచి ఇద్దరు వస్తున్నారనీ, మూలగదిలో కిటికీ పక్కనున్న కంప్యూటరు మీద వాళ్లకి లినక్స్ రంగురంగుల తెర చూపించాలనీ చెప్పారు. అది చూపిస్తే నా పర్మినెంటు కాగితం మీద సంతకం పెడతానన్నారు. చూపించకపోతే ఏమిటని నేను అడగలేదు, ఆయనే చెప్పారు. "అప్పుడు చూద్దాం," అన్నారు. నాకంటే ముందు ఆ కుర్చీలో కూర్చున్నవాడికి కూడా చూద్దామనే చెప్పారట. అతను అప్పటికి అమీర్‌పేటలో పాఠాలు చెప్పుకుంటున్నాడు.

సీడీ పెట్టి లినక్స్ ఎక్కించడం నేను భయపడినంత కష్టం కాలేదు. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు వచ్చాయి. ఆ అక్షరాలు చూసి రాత్రికి రాత్రే మహాత్ముణ్ణయిపోయినట్టు ఆఫీసంతా తిరిగాను. చిక్కు అక్కడ్నించి మొదలైంది. తెర మీద బొమ్మలూ కిటికీలూ రావాలంటే, డబ్బా లోపల తెరకి బొమ్మ గీసి పంపే గ్రాఫిక్స్ కార్డు ఏ రకందో లినక్స్‌కి చెప్పాలి. చెప్తే ఆ కార్డుతో మాట్లాడటానికి పనికొచ్చే డ్రైవరు ప్రోగ్రామును అది పనిలో పెడుతుంది. అడగటమైతే ఎంతో మర్యాదగా అడిగింది. కొన్ని వందల పేర్లున్న పట్టిక ముందు పెట్టి, మీది ఏ నంబరు అంది. పెళ్లికొడుకు పేరు తెలియకుండా శుభలేఖ అచ్చు వేయించడానికి వెళ్లినవాడిలా కూర్చున్నాను. కార్డు వచ్చిన అట్టపెట్టె ఎప్పుడో చెత్తలోకి వెళ్లిపోయింది. దుకాణానికి ఫోను చేస్తే, మంచి కార్డే పెట్టాం సార్, ఫికర్ చేయకండి అన్నారు. కంప్యూటరునే అడిగే ఉపాయం ఒకటుందని ఎక్కడో చదివి అలాగే అడిగాను. తెలియని పరికరం అని జవాబిచ్చింది. కనీసం అది నిజం ఒప్పుకుంది, నాకు ఆ పాటి నిజాయితీ కూడా లేదు.

సోమవారం పొద్దున మొదటి నంబరుతో మొదలుపెట్టాను. ఒక నంబరుకి తెర నల్లగా అయిపోయి ఊరుకుంది. ఇంకో నంబరుకి మానిటరు సన్నగా ఈలవేసింది, దడుచుకుని ప్లగ్గు పీకేశాను. (తప్పు అంకెలిస్తే మానిటరు కాలిపోవచ్చని ఆ ప్రోగ్రాములోనే హెచ్చరిక ఉంది. అది నేను మంగళవారం చదివాను.) మరో నంబరుకి ఒకే బొమ్మ నాలుగు ముక్కలై, నాలుగూ చలిజ్వరం వచ్చినట్టు వణికాయి. బుధవారం మధ్యాహ్నం బూడిదరంగు తెర మీద మౌసు జాడగా గుణకారం గుర్తు ఒకటి వచ్చి నిలబడేసరికి ఆనందంతో కేక పెట్టాను. పక్క సీటాయన కాకినాడ మనిషి, కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో ఉండేవాడు. మాటమాటకీ అండీ అనేవాడు కాబట్టి ఆయన మాకు అండీగారు. ఆయన వచ్చి ఆ బూడిద తెర కేసి చాలాసేపు చూశాడు. వచ్చిందన్నాను. "ఇది రావడమే అంటారాండీ?" అన్నాడు. ఆ మాట ముగిసేలోపే ఆ గుర్తు కూడా మాయమైంది.

అండీగారు మంచివాడు. మూత విప్పి లోపల చూస్తే కార్డు మీద ఏమైనా రాసి ఉంటుందేమో అని మెల్లగా సలహా ఇచ్చాడు. నాకు రోషం వచ్చింది. ఇక్కడ మీకొక విషయం చెప్పాలి. మా ఆఫీసులో కనబడని గీత ఒకటి ఉండేది. సాఫ్ట్‌వేరు వాళ్లు గీతకి ఇవతల, స్క్రూడ్రైవర్ పట్టుకునేవాళ్లు అవతల. నాలుగేళ్లు చదువుకుని, ఆర్నెల్లు కోర్సు చేసి, మళ్లీ మరమేకులు విప్పుతామా అన్నది మా పౌరుషం. డబ్బా ఆన్ చేయడం మా పని, దాని లోపలికి తొంగిచూడటం దుకాణం మనిషి పని. ఆ మనిషేమో ఊరెళ్లాడు, సోమవారం గాని రాడు. పైగా లోపల బొట్లున్నాయి, బొట్ల మీద ఈ-మెయిలు ఉంది. అందుచేత నేను మూత జోలికి పోకుండా, నా ప్రతిష్ఠ కాపాడుకుంటూ, పట్టికలో నూట నలభయ్యో నంబరు దాకా వచ్చాను.

గురువారం పొద్దున పదిన్నరకి నేను తల పట్టుకుని కూర్చుని ఉన్నాను. ఆయమ్మ టేబుల్ కింద ఊడవడానికి వచ్చింది. ఆమెది మహబూబ్‌నగర్ దిక్కు ఊరు. భర్త ఇళ్ల కట్టుబడి పనిలో ఉంటే, ఇద్దరూ రాయదుర్గం దగ్గర గుడిసె వేసుకుని ఉండేవాళ్లు. నాలుగు రోజులుగా నా అవస్థ చూస్తూనే ఉంది. కాళ్లు పైకెత్తమని చెప్పబోయి, నా ముఖం చూసి ఆగింది.

"ఏంది సారూ, గిట్ల పరేషానయితున్నవ్? ఏం పోయింది?"

ఎవరికో ఒకరికి చెప్పుకోవాలనిపించింది. లోపల పలక లాంటిది ఒకటి ఉంటుందనీ, దాని పేరేమిటో తెలియడం లేదనీ, తెలియకపోతే నా ఉద్యోగం పోతుందనీ చెప్పాను. ఆమె చీపురు గోడకి ఆనించింది.

"గా పచ్చ పలకనా? దాని నడుమల నల్ల బిళ్ల ఉంటది గదా, దాని మీద తెల్లగ రాసున్నది సారూ. నాకు సదువు రాదు గని రాత ఉన్నదైతే చూసిన. పేరు మీద బొట్టెందుకమ్మా, జర పక్కకు పెడ్త అన్న. అమ్మగారు నడుమలనే పెట్టుమన్నది, పెట్టిన."

నేను నాలుగు రోజుల్లో నూట నలభై నంబర్లు దాటి వచ్చాను. ఆమె రెండు వారాలుగా ఆ బిళ్ల చుట్టూ ఊడుస్తోంది. నన్నెవరూ అడగలేదు కదా అన్నట్టు చూసింది, కానీ అనలేదు.

అప్పుడు కూడా నాకు వచ్చిన మొదటి ఆలోచన స్క్రూడ్రైవర్ ఎలా పట్టుకోవాలి అని కాదు, ఎవరైనా చూస్తే ఎలా అని. ఆమె వెళ్లి తలుపు దగ్గరగా వేసింది. కింద ఇనుము దుకాణంలో స్క్రూడ్రైవర్ అడిగి తెచ్చింది కూడా ఆమే. ప్లగ్గు తీసి, మరలు విప్పి మూత తీశాను. ఆమె చెప్పినట్టే పచ్చ పలక నడుమ నల్ల బిళ్ల, దాని మీద రూపాయి బిళ్లంత పసుపు, పసుపు మీద కుంకుమ, రెండూ ఎండి గట్టిపడి ఉన్నాయి. విజన్ గారి ఈ-మెయిలు గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీశాను. దేవుడికి భయపడ్డానని చెప్పుకుంటే బాగుండేది గాని, నేను భయపడింది డైరెక్టరుకే. ఆయమ్మ కొంగు కొస కొద్దిగా తడిచేసి పిండి, చంటిపిల్ల ముఖం తుడిచినంత నెమ్మదిగా తుడిచింది. నాలుగు అక్షరాలు, నాలుగు అంకెలు బయటపడ్డాయి. కాగితం మీద రాసుకున్నాను. ఆమె బిళ్లను గాలికి ఆరనిచ్చి, దేవుడి పటం దగ్గర్నుంచి కుంకుమ తెచ్చి, ఈసారి రాతకి పక్కగా చిన్న బొట్టు పెట్టి దండం పెట్టుకుంది.

పట్టికలో ఆ పేరు రెండు వందల డెబ్బై దగ్గరుంది. నేను ఒకటొకటిగా వెళ్తే సింగపూరు వాళ్లు వచ్చి, వెళ్లి, వాళ్ల ఊళ్లో దిగి స్నానం చేసేవాళ్లు. ఆ నంబరు నొక్కి, కళ్లు మూసుకుని మొదలుపెట్టాను. "అబ్బ, ఎంత మంచిగున్నది సారూ," అని ఆయమ్మ అంటే కళ్లు తెరిచాను. నీలం తెర మీద కిటికీలు, గడియారం, అన్నీ కదలకుండా నిలబడి ఉన్నాయి. సిగ్గు లేకుండా చెప్తున్నాను, నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

శుక్రవారం సింగపూరు వాళ్లు వచ్చారు. కిటికీలోంచి భవనం అంచునీ, కంప్యూటరులో నీలం తెరనీ చూశారు. ఇందులో మీ ఇంజినీరు ప్రత్యేకంగా ఏం చేశాడని వాళ్లలో ఒకాయన అడిగాడు. విజన్ గారు నా వైపు తిరిగారు. ముందురోజే సిద్ధం చేసుకున్న మాట బయటికి తీశాను. కాన్ఫిగరేషన్ ఫైళ్లలో చాలా లోతైన మార్పులు చేశానన్నాను. అప్పుడే ఆయమ్మ ట్రేలో చాయ్ తెచ్చి ఒక్కొక్కరి ముందూ పెడుతోంది. నా కప్పు కూడా అందరి కప్పుల్లాగే పెట్టింది. ఆమెకి ఇంగ్లీషు రాదని నన్ను నేను ఓదార్చుకున్నాను. కానీ నేను మాట్లాడుతూ ఆ డబ్బా వైపు చెయ్యి చూపించానే, అది అర్థం కావడానికి ఏ భాషా అక్కర్లేదు.

సోమవారం పర్మినెంటు కాగితం చేతికొచ్చింది. నా పరిశోధనా దృష్టిని మెచ్చుకుంటూ అందులో రెండు వాక్యాలున్నాయి. మిఠాయి తెచ్చి అందరికీ పంచి, చివర్న చాయ్ గదిలోకి వెళ్లాను. ఆమె నవ్వుతూ తీసుకుంది. "పర్మినెంటయినవంట గదా, మంచిగయింది," అంది. సార్‌కి నిజం చెప్పేస్తాను, నీవల్లే అయిందని చెప్తాను అన్నాను.

"చెప్తె చెప్పు సారూ. గని ఎవలు నమ్ముతరు?"

నాకు పట్టుదల వచ్చింది. తిన్నగా విజన్ గారి గదికి వెళ్లి, బొట్టు తుడిచిన సంగతి మాత్రం దాటేసి (ధైర్యానికి కూడా ఒక హద్దుంటుంది), ఆ కార్డు మీద పేరు ఉందని కనిపెట్టింది ఆయమ్మ అని, ఆమె లేకపోతే ఆ తెర వచ్చేది కాదని చెప్పాను. ఆయన నన్ను రెప్పవేయకుండా చూశారు. తర్వాత కుర్చీలోంచి లేచి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి, నా భుజం తట్టారు. "ఇంత చేసి, పేరు ఆయమ్మకి ఇస్తున్నావు చూడు, ఈ వినయం ఉందే, ఇదయ్యా లీడర్‌షిప్," అన్నారు. ఆ సాయంత్రం ఆఫీసంతటినీ నిలబెట్టి నా వినయం గురించి పది నిమిషాలు మాట్లాడారు. అందరూ చప్పట్లు కొట్టారు. తలుపు దగ్గర నిలబడి ఆయమ్మ కూడా కొట్టింది.

కాదు సార్, నేను చెప్పింది నిజమే అని ఇంకోసారి అనవచ్చు. అనలేదు. ఒకసారి చెప్పాను కదా, నమ్మకపోతే నా తప్పేముంది అనుకుంటూ ఆ సాయంత్రం తేలికపడ్డ గుండెతో మెహదీపట్నం బస్సెక్కాను. అప్పటి నన్ను, ఆ పిల్లవాణ్ణి ఇప్పుడు తలుచుకుంటే కోపం రాదు, నవ్వొస్తుంది. ఉద్యోగం దక్కించుకున్నాడు, నిజం చెప్పిన పుణ్యం కూడా దక్కించుకున్నాడు, పైగా వినయవంతుడని పేరు తెచ్చుకున్నాడు. మర్నాడు పొద్దున ఆయమ్మ ఎప్పట్లాగే టేబుల్ కింద ఊడవడానికి వస్తే, ఆమె అడక్కముందే కాళ్లు పైకెత్తాడు. ఆ రోజు నుంచి ఆమె విషయంలో అతను చేసిన న్యాయమంతా అదే.